పాలకేంద్రం దగ్గర సూది

మే నెల మూడో సోమవారం, ఉదయం పదీ నలభైకి మొదలైంది. ఆ నిమిషాన మా తోటికోడలు నర్సీపట్నంలో డాక్టరు గది ముందున్న బెంచీ మీంచి లేచి, చేతిలోని టోకెను నా ఒళ్లో పడేసి, చెప్పులు వేసుకుంది. టోకెను నంబరు నలభై రెండు. అప్పుడే లోపలికి పిలిచిన నంబరు పదిహేడు.

"ఎక్కడికక్కా?" అన్నాను.

"ఇంటికి. నలభై రెండు వచ్చీసరికి పొద్దు గూకిపోద్ది. గేదె అరుస్తాది."

"గేదెకి సాయంత్రం ఐదు కదా. ఇంకా పదకొండైనా కాలేదు."

"నీ గడియారం అట్టుకెళ్లి గేదె మెడలో కట్టు," అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆవిడ మా వారి అన్నగారి భార్య. నాకంటే నాలుగేళ్లు పెద్దది, డెబ్భై ఐదు నిండాయి. మనసు బాగుంటే నన్ను సెల్లీ అంటుంది, బాగోకపోతే పంతులమ్మా అంటుంది. హైస్కూల్లో ముప్ఫై నాలుగేళ్లు లెక్కలు చెప్పిన మనిషిని కాబట్టి ఆ రెండో పిలుపుకి కోపం తెచ్చుకునే వీలు కూడా నాకు లేదు.

గేదె సంగతి ముందే చెప్పాలి. అక్క వాళ్లది మాకవరపాలెం దగ్గర పల్లె. కొడుకు వరీ చెరుకూ చూసుకుంటాడు. కోడలు ఊళ్లోనే ఉన్న జీడిపిక్కల షెడ్డులో పనికి వెళుతుంది. గేదె మాత్రం అక్కది. అక్క చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఒప్పదు. కొడుకు పితకబోతే తన్నింది. కోడలు అత్తగారి చీర కట్టుకుని, అత్తగారిలాగే దగ్గుకుంటూ వెళ్లినా తన్నింది. అందుకని పొద్దున ఐదుకీ సాయంత్రం ఐదుకీ అక్క ఆ పాకలో ఉండాల్సిందే. మధ్యలో ఎక్కడికి వెళ్లినా మనసు తాడు కట్టినట్టు అక్కడే ఉంటుంది.

కిందటేడు ఆగస్టులో ఆ ఊళ్లో వరసగా జ్వరాలు వచ్చాయి. ఫ్లూ అన్నారు. అందరికీ వారం పది రోజుల్లో తగ్గింది. అక్కకు తగ్గలేదు. పెళ్లయి వచ్చేనాటికే ఆయాసం ఉన్న మనిషి. ఊపిరితిత్తులకు నిమ్ము చేరి విశాఖపట్నంలో పన్నెండు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. పక్కన ఉన్నది నేనే. మంచం పైనున్న మిషను మీద అంకె తొంభై దిగి, ఎనభై ఆరై, ఎనభై రెండైనప్పుడు నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. అంకెను చూడలేకపోవడం నాకు అదే మొదలు.

ఇంటికి పంపించేటప్పుడు అక్కడి డాక్టరు కొడుకునీ నన్నూ పక్కకు పిలిచి, "ఇంకోసారి ఇలాంటి జ్వరం వస్తే ఈవిడ ఊపిరితిత్తులు తట్టుకోలేవు. ఏటా వానలకు ముందే ఫ్లూ టీకా వేయించండి," అని చెప్పాడు. వానలు జూన్‌లో పడతాయి. అందుకే మే నెల మూడో సోమవారం. అందుకే నలభై రెండో నంబరు టోకెను.

ఆ టోకెను పట్టుకుని నా వంతు వచ్చేదాకా కూర్చున్నాను. లోపలున్న డాక్టరు ఒకప్పుడు నా శిష్యురాలు. తొమ్మిదో తరగతిలో త్రికోణమితి అంటే ఏడ్చేది.

"టీచర్! మీకు టోకెనేంటండీ, నేరుగా వచ్చెయ్యక?" అంది.

"లైను లైనే."

"పేషెంటు ఏరీ మరి?"

"గేదె దగ్గరికి వెళ్లిపోయింది."

ఆ అమ్మాయి నవ్వింది. నేను నవ్వలేదని చూసి ఆపేసింది.

"ఆవిడ సూది దగ్గరికి రాదు. సూదే ఆవిడ దగ్గరికి వెళ్లాలి," అన్నాను.

"ఒక్కరి కోసం ఎలాగండీ? టీకా చల్లపెట్టెలో వెళ్లాలి, కూడా నర్సు వెళ్లాలి, వేశాక అరగంట అక్కడే కూర్చోబెట్టి చూడాలి. ఒకచోట ముప్ఫై మందిని పోగెయ్యండి, తప్పకుండా పంపిస్తాను. అక్కడి ప్రభుత్వ డాక్టరుగారితో నేనే మాట్లాడతాను. మందు ఖర్చు మా డాక్టర్ల బ్యాచి వాళ్లం చూసుకుంటాం. పాతిక మందైనా పరవాలేదు."

"ముప్ఫై అన్నావు. ముప్ఫైయే," అని లేచాను.

ముప్ఫై మందిని ఎక్కడ పట్టాలా అని రెండు రోజులు ఆలోచించాను. అక్క ఊళ్లో జనం తెల్లారితే పొలానికో షెడ్డుకో పోతారు. జీడిపిక్కల షెడ్డులోనే యాభై మంది ఆడవాళ్లు. పిక్క కొట్టే పని ఆపితే ఆ రోజు కూలి తగ్గుతుంది కాబట్టి పని మధ్యలో లేవరు. ఆ షెడ్డు మూసేది నెలకు ఒక్కరోజు, అమావాస్య. ఆ రోజు యాభై మందీ ఖాళీ. షెడ్డుకు రేకుల కప్పు ఉంది, బల్లలున్నాయి, కొళాయి ఉంది. ఇంతకన్నా అనువైన రోజూ అనువైన చోటూ ఎక్కడ దొరుకుతాయి? షెడ్డు మేస్త్రీ దగ్గర తాళం తీసుకున్నాను. ఇంటింటికీ వెళ్లి చెప్పాను. అందరూ "అలాగేనండి టీచరమ్మగారూ" అన్నారు. ముప్ఫై ఎనిమిది మంది అలాగేనండి అన్నారు. లెక్క సరిపోయింది, ఎనిమిది మిగిలాయి కూడా.

అమావాస్య నాడు తొమ్మిదింటికి నర్సమ్మ ఆటోలో నీలం పెట్టె పట్టుకుని దిగింది. పది అయింది. పదకొండైంది. నర్సమ్మ ఒక టీకా సీసా తీసి మూత సరిగ్గా ఉందో లేదో చూస్తుంటే చెయ్యి జారి గచ్చు మీద పడి పగిలింది. ఆ ఉదయమంతా జరిగిన పని అదొక్కటే. పన్నెండుకి ఒక మనిషి గుమ్మంలో కనబడ్డాడు. గబగబా కుర్చీ జరిపాను. మేస్త్రీ. తాళం కోసం వచ్చాడు.

అతని వెనకాలే అక్క మజ్జిగ తపేలాతో వచ్చింది. ఖాళీ బల్లల్ని చూసింది, నర్సమ్మని చూసింది, నన్ను చూసింది. తపేలా కిందపెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది.

"ఓలమ్మా! అమాస నాడు ఎవులైనా ఒంటికి సూది పొడిపించుకుంటారేటే? ఈ పూట మేస్త్రీలు తాపీ ముట్టరు, వడ్రంగోళ్లు ఉలి ముట్టరు. షెడ్డు ఎందుకు మూసీసినారనుకున్నావు, పంతులమ్మా?"

"సెలవనుకున్నాను."

"సెలవే. ఎందుకు సెలవు?"

బడికి అమావాస్య సెలవు లేదు. ముప్ఫై నాలుగేళ్లు అమావాస్య నాడు కూడా పాఠం చెప్పాను.

"మరి అందరూ అలాగేనండి అన్నారే," అన్నాను.

"ఇంటికొచ్చిన పెద్దమనిషిని కాదంటారేటి?"

నర్సమ్మ మజ్జిగ గ్లాసు అందుకుంటూ నెమ్మదిగా అంది: "నేను కూడా అమావాస్య నాడు కొత్త పని పెట్టుకోనండీ మేడం. మీరు పెద్దవారు, అన్నీ చూసే పెట్టుంటారనుకున్నాను." రేపు డాక్టరుకి ఫోను చేస్తే ఆవిడా ఇదే మాట అంటుందని నాకు అప్పుడే తెలిసిపోయింది. అలాగే అంది కూడా.

నర్సమ్మని పంపించేసి అక్క వెంట ఇంటికి వెళ్లాను. "సరే, అమావాస్య కాబట్టి వాళ్లు రాలేదు. రేపు పాడ్యమి. రేపు నువ్వొక్కత్తివైనా నాతో నర్సీపట్నం వస్తావా?" అన్నాను.

"రాను."

"గేదె కోసమేనా? మధ్యాహ్నం రెండింటికల్లా తీసుకొచ్చేస్తాను, కారు పెట్టి."

అక్క పాకలోకి వెళ్లి గేదె ముందు గడ్డి సర్ది, అటే తిరిగి నిలబడి చెప్పింది.

"కారూ వద్దు, బస్సూ వద్దు. సూదే వద్దు. కిందటేడు నాను ఆస్పత్రి నుంచి వచ్చి పాకలోకెల్లి సెయ్యేస్తే, ఇది వాసన సూసి బిందె తన్నీసింది. నిండు పొదుగు, సుక్క వదల్నేదు. మూడు నాళ్లు బతిమాలినాను. ఒట్టిపోయింది. మల్లీ ఈనీదాకా ఇంట్లో పాలు నేవు. సూదిమందు వాసన తగిల్తే ఇది సేపదు. నీకు తెల్దు."

గేదె చేపడమంటే పాలు పొదుగు చివరికి వదలడం. చేపకపోతే ఎంత పొదుగున్నా చేతికి చుక్క రాదు. అక్క నన్ను ఇన్ని రోజులుగా తిప్పుతున్నది టోకెను నంబరు వల్ల కాదు, తిథి వల్లా కాదు. ఇదీ అసలు సంగతి. మనిషికి ఊపిరి ఆడకపోతే ఏమవుతుందో ఆవిడకు నాకంటే బాగా తెలుసు. అయినా పాలు ఆగిపోవడం ఆవిడకు అంతకంటే దగ్గరి భయం.

కిందటేడు గేదె పన్నెండు రోజులు పితికే చెయ్యి లేక ఒట్టిపోయింది గాని వాసన వల్ల కాదని నా అనుమానం. కానీ అనుమానం చెబితే అక్క వినదు. చూపించాలి.

"అక్కా, సూది వేరు, వాసన వేరు. ముందు వాసన ఒక్కటే చూద్దాం."

"ఏటి?"

"పొద్దున్న నువ్వు పాలు తీశాక నీ జబ్బకి ఆ సూదిమందు వాళ్లు రాసే స్పిరిట్ రాస్తాను. సూది లేదు. సాయంత్రం గేదె చేపకపోతే జన్మలో నీ దగ్గర టీకా మాట ఎత్తను."

"ఒక పూట పాలు పోతే?"

"పోతే పోయాయి. నా నోరు కూడా పోతుంది కదా."

ఆ బేరం ఆవిడకు నచ్చింది. నా నోరు మూయించడానికి ఒక పూట పాలు ఎక్కువ కాదనుకుంది.

కొడుకుని మాకవరపాలెం పంపి స్పిరిట్, దూది తెప్పించాను. మర్నాడు ఏడింటికి అక్క ఎడమ జబ్బకి నర్సులు రాసేదానికి రెండింతలు రాశాను. "ఇల్లంతా ఆస్పత్రి కంపు కొట్టించినావు," అని రోజంతా నన్ను దగ్గరికి రానివ్వలేదు. సాయంత్రం ఐదుకి పాకలోకి వెళ్లింది. నేను గుమ్మం బయటే నిలబడ్డాను. గేదె తల తిప్పి అక్క భుజం మీద ముక్కు పెట్టి బుస్సుమంది. ఒకసారి కాలు కదిపింది. అక్క ఊపిరి బిగబట్టడం నాకు బయటికి తెలుస్తూనే ఉంది. తర్వాత చెంబులో పాలధార పడ్డ చప్పుడైంది. మొదట సన్నగా, ఆ వెనక రెండు చేతులా జుయ్యి జుయ్యిమని.

అక్క నా వైపు తిరగలేదు. గేదె పక్కలోకి తల ఆనించి అలాగే అంది: "వాసనకి ఒప్పింది. సూదికి ఒప్పుద్దని ఎవులు సెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు. సూది కూడా వేసి చూద్దాం."

"నువ్వు మనిసివి కావే."

ధార ఆగలేదు. కాసేపటికి, "ఎప్పుడు?" అంది.

ఇద్దరు మనవళ్లు పుట్టినప్పుడు కూడా నేను అంత సంతోషపడలేదేమో.

మర్నాడు పొద్దున్న అక్కతో పాటు పాలకేంద్రానికి నడిచాను. ఆవిడ ఎక్కడికీ రాదు కాబట్టి, రోజూ వెళ్లే ఒకే ఒక్క చోటు చూద్దామని. అక్కడ నిలబడ్డాక గాని నా బుర్ర పనిచేయలేదు.

రేకుల పందిరి కింద పాల క్యాన్లు వరసగా పెట్టి ఉన్నాయి. మనుషులు వరసలో లేరు. కొందరు అరుగు మీద, కొందరు టీ బడ్డీ దగ్గర, కొందరు ఊరికే గోడకి ఆనుకుని. ఆ ఊళ్లో క్యాను పెడితే మనిషి నిలబడ్డట్టే లెక్క. ముందు క్యాను లోపలికి వెళ్లగానే ఎవరు దగ్గరుంటే వాళ్లు వెనక క్యాన్లన్నిటినీ తలా ఒకటి కాలితో ముందుకు నెడతారు. సొంతదానా, పక్కింటిదానా అని చూడరు. కేంద్రం నడిపే ఆయన లోపల ఒక్కొక్కరి పాలూ కొంచెం సీసాలో పట్టి, మిషనులో వెన్న చూసి, కొలిచి, స్లిప్పు రాసిస్తాడు.

నేను వాచీ చూసుకుంటూ కూర్చున్నాను. క్యాను కిందపెట్టిన నిమిషం, స్లిప్పు చేతికొచ్చిన నిమిషం, పదిమందివి పట్టాను. సగటు ముప్ఫై ఆరు నిమిషాలు.

టీకా వేశాక కూర్చోవాల్సింది అరగంట. నేను ఊరంతా తిరిగి బతిమాలి సంపాదించాలనుకున్న అరగంట ఇక్కడ రోజుకు రెండు పూటలా ఊరికే పోతోంది. పైగా పొద్దుటి పాలు తీసేశాకే వస్తారు. సాయంత్రం దాకా గేదెతో పని లేదు.

కేంద్రం ఆయనకి చెప్పాను. ఆయన మీసం దువ్వుకుంటూ విన్నాడు.

"బానే ఉంటాది గానండి, ఆఖర్న వచ్చీవోళ్ల మాటేటండి? ఆళ్లు క్యాను ఎట్టీ ఎట్టకుండానే కొలిపించుకు లగెత్తుతారు."

"మీరేం చెయ్యగలరు?"

"స్లిప్పు నా దగ్గరే ఉంచీస్తానండి. అరగంట కూకుంటేనే స్లిప్పు. స్లిప్పు వొగ్గేసి ఎవులూ ఇంటికెల్లరు."

డాక్టరుకి ఫోను చేశాను. "ఇంకొక్కసారే టీచర్," అంది. "ఈసారి తిథి చూశారా?"

"చూశాను. దశమి."

దశమి నాడు ఆరు కాకముందే నర్సమ్మ పందిరి కింద బల్ల వేసుకుని కూర్చుంది. అక్క అందరికంటే ముందు వచ్చి క్యాను వరసలో పెట్టి, జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుని కుర్చీలో కూర్చుంది. జనం చుట్టూ మూగారు. వాళ్లందరికీ స్పిరిట్ సంగతి అప్పటికే తెలుసు.

"ఏదైనా పడదామ్మా మీకు? మందుగాని, తిండిగాని?" అని నర్సమ్మ అడిగింది.

"ఈ పంతులమ్మ పడదు," అంది అక్క.

పందిరంతా నవ్వింది. ఆ నవ్వులోనే సూది పడింది.

"అయిపోనాదా? దీనికేనేటే నెల్లాళ్లు నా పానం తీసీసినావు?"

తర్వాత నేను కూర్చున్నాను. ఆ తర్వాత కోడలు, కొడుకు, కేంద్రం ఆయన, ఇంకో ఆరుగురు. మొత్తం పదకొండు. అక్కడితో ఆగిపోయింది. మిగతావాళ్లు క్యాన్ల దగ్గరే నిలబడి చూస్తున్నారు.

"మీరు రారేం?" అన్నాను ఒకావిడతో.

"సాయంత్రం పెద్దమ్మ గేదె సేపితే రేపొస్తామండి. మాకూ గేదెలున్నాయి కదండి."

ముప్ఫైకి పదకొండు. నర్సమ్మ పెట్టె మూస్తోంది. నేను డాక్టరుకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"అంటే ఇప్పుడు గేదె రిపోర్టు రావాలా టీచర్?"

"అవును."

"సరే. సాయంత్రం గేదె ఏమందో చెప్పండి. పాలిస్తే పొద్దున్నే పెట్టె పంపిస్తాను."

సాయంత్రం అక్క నన్ను పాక ఛాయలకే రానివ్వలేదు. "నీ మొకం సూస్తే గేదె బెదురుద్ది. కేంద్రం కాడికి పో," అంది. వెళ్లాను. ఐదున్నరకే అక్కడ రోజూకంటే రెండింతల మంది ఉన్నారు. గేదెలు లేనివాళ్లు కూడా వచ్చారు. ఐదూ ముప్పావు. ఆరు. అక్క రోజూ ఐదూ నలభైకి వచ్చే మనిషి.

"సేపనేదేమో," అని ఎవరో అన్నారు. పొద్దున్న టీకా వేయించుకున్న పదకొండు మందిలో గేదెలున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తమ గేదెలు చక్కగా చేపి, ఆ పాలు వాళ్ల చేతుల్లోనే ఉన్నా సరే, అక్క గేదె మాటే వాళ్లకు మాట. నాకు మాత్రం పాల ధ్యాస లేదు. అక్క ఈ ఏడు తప్పించుకున్నా, గేదె ఇప్పుడు కాదంటే వచ్చే ఏడు జబ్బ చూపించదు. ఆ పై ఏడూ చూపించదు. ఎనభై రెండు అంకె నాకు మళ్లీ కళ్లముందు ఆడింది.

ఆరూ పదికి మలుపులో కనబడింది. చంకన క్యాను, మూత పెట్టి ఉంది. తొందరేమీ లేదు. మొహంలో ఏమీ తెలియలేదు. వరస చివరకు వచ్చి క్యాను కిందపెట్టింది.

అప్పుడు జరిగింది నేను మరిచిపోను. ముందున్నావిడ వంగి తన క్యాను పక్కకు తీసేసింది. ఆమె ముందు మనిషీ తీశాడు. ఒక్కొక్కటీ ఇటూ అటూ జరిగి, గుమ్మం దాకా దారి అయింది. క్యాను వరస తప్పడం ఆ ఊళ్లో అంతకుముందు చూడలేదని తర్వాత అందరూ చెప్పారు. అక్క క్యానును ఎవరో అందుకుని లోపలికి ఇచ్చేశారు.

కేంద్రం ఆయన మూత తీశాడు. కొలిచాడు. మళ్లీ కొలిచాడు. రోజూ నోట్లో నోట్లో చెప్పే మనిషి, ఆ పూట గుమ్మంలోకి వచ్చి అరిచి చెప్పాడు.

"మూడు లీటర్ల ఆరొందలు! నిన్న సాయంత్రం కంటే పావు లీటరు పైనే!"

ఎవరో ఈల వేశారు. "అయితే నర్సమ్మగారికి సెప్పి గేదెలకి కూడా పొడిపించీయండి!" అని ఒకావిడ అరిచింది. అక్క మాత్రం స్లిప్పు తీసుకుని మడిచి బొడ్లో దోపుకుంది.

"ఇంత ఆలస్యమేం?" అన్నాను.

"ఏల బేగి రావాలి? మీరంతా ఇక్కడ నోళ్లు తెరుసుకుని సూస్తుంటారని తెలుసు. రెండు సుట్లు ఇల్లు తుడిసి మరీ వచ్చినాను."

ఒక గేదె, ఒక పూట. దీన్ని నిరూపణ అని ఏ పిల్లవాడైనా పరీక్షలో రాస్తే సున్నా వేసేదాన్ని. ఆ సాయంత్రం మాత్రం నూటికి నూరు వేశాను. ఫోనులో డాక్టరు, "గేదె పాసా?" అంది. "డిస్టింక్షన్," అన్నాను.

మర్నాడు ఆరున్నరకల్లా మిగిలిన పందొమ్మిదీ అయిపోయాయి. వరస ఇంకా టీ బడ్డీ దాకా ఉంది. పాలు పోయనివాళ్లు కూడా వచ్చేశారు. ఆ ఊళ్లో క్యాను లేకపోతే వరసలో చోటు లేదు కాబట్టి చేతికి దొరికినవి తెచ్చి పెట్టారు. చెంబులు, మరచెంబులు, ఒక ప్లాస్టిక్ మగ్గు. గేదె లేని ఒక ముసలాయన ఖాళీ చెంబు పెట్టి పక్కనే నిలబడ్డాడు.

"తాతా, ఇందులో పాలేవీ?" అన్నాడు కేంద్రం ఆయన.

"పాలు నేవు. నానున్నాను కదా," అన్నాడాయన, చొక్కా చెయ్యి మడుస్తూ.

ఏడున్నరకి డాక్టరు తానే ఇంకో పెట్టె వేసుకుని కారులో దిగింది. ఆ అమ్మాయిని చూడగానే అక్క కుర్చీ జరిపి, "రాండి రాండి, నలభై రెండో నంబరు నానేనండి," అంది. ఆ పూట ఇంకో ఇరవై రెండు పడ్డాయి. రెండు రోజుల్లో యాభై రెండు. ముప్ఫై అడిగిన మనిషికి యాభై రెండు చూపించాను.

ఆ తర్వాత మాకు దారి తెలిసింది. జనాన్ని పిలవకూడదు. జనం తమంతట తాము ఎక్కడ అరగంట ఊరికే కూర్చుంటారో అక్కడికి పోవాలి. రోలుగుంటలో రేషను ఇచ్చే రోజు సంచుల వరస పక్కన బల్ల వేశాం. ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసేవాళ్ల దగ్గరికి, పొద్దున్న కరెంటు పోయి మిషన్లు ఆగే వేళకి వెళ్లాం. జీడిపిక్కల షెడ్డుకి కూడా వెళ్లాం, పని రోజున, టీ వేళకి. మొదటి వాన పడేనాటికి నాలుగు చోట్లా కలిపి రెండువందల పద్దెనిమిది మంది. నా చెప్పులు ఆ నెలలోనే అరిగి తెగిపోయాయి. అమావాస్య జోలికి మాత్రం మళ్లీ పోలేదు.

జూలై ఆఖర్న జ్వరాలు మొదలయ్యాయి. అక్కకీ వచ్చింది. కబురు తెలియగానే వేలికి పెట్టే చిన్న మిషను పట్టుకుని వెళ్లాను. మంచం మీద పడుకుని ఉంది, ఒళ్లు వేడిగా ఉంది, దగ్గుతోంది. వేలికి మిషను పెట్టాను. ఈసారి గోడవైపు తిరగలేదు. తొంభై ఆరు. గంటకోసారి చూశాను. తొంభై ఆరు, తొంభై ఐదు, తొంభై ఆరు. టీకా వేసుకున్నా జ్వరం రావచ్చని, వచ్చినా ముదరనివ్వదని డాక్టరు ముందే చెప్పింది. ఆ రోజు పొద్దునా సాయంత్రమూ అక్కను పాకలోకి వెళ్లనివ్వలేదు. గేదె అరుస్తూనే ఉంది. మర్నాడు తెల్లారి నేను లేచేసరికి మంచం ఖాళీ. పాకలోంచి ధార చప్పుడు వినబడుతోంది. "లేచినావేటి, పంతులమ్మా?" అని లోపలి నుంచి కేక వేసింది. "గిన్నె కడిగి అట్టుకురా."

కడిగి పట్టుకెళ్లాను. డెబ్భై ఒక్కేళ్లకి నాకు ఎవరో పని చెప్పడం, నేను పరిగెత్తడం.

దసరా నాటికి పోయినవాటి లెక్క ఇది. టీకాలు నాలుగు: ఒకటి పగిలి, మూడు ఏటికొప్పాక దారిలో ఐసు కరిగి. పాలు లీటరున్నర, రెండో రోజు తోపులాటలో ఒలికినవి. కుర్చీ ఒకటి, ఆ తోపులాటలోనే విరిగింది. చెప్పుల జత ఒకటి. టీకా వేయించుకున్నవాళ్లలో రోలుగుంట మనిషి ఒకాయన ఆ జ్వరంతో నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికి వచ్చాడు. ఆయనకు పోయినవి నాలుగు రోజులు. అక్కకు పోయినవి రెండు పూటల పాలు.